మా సైన్సు సార్ దగ్గరున్న మసక ఫోటో

సంక్రాంతి సెలవుల్లో రోళ్లపాడు వెళ్తున్నానని ఆఫీసులో చెబితే "అక్కడేముంది? వాటర్‌ఫాల్సా, రిసార్టా?" అని అడిగారు. గడ్డి ఉంది అన్నాను. అందరూ నవ్వారు. నేను జోకేయలేదు. అక్కడ నిజంగానే గడ్డి ఉంది. 1988లో ప్రభుత్వం ఆ గడ్డినే అభయారణ్యంగా ప్రకటించింది. సరిగ్గా చెప్పాలంటే, ఆ గడ్డిలో బతికే ఒక పిట్ట కోసం.

నంద్యాల జిల్లా మిడుతూరు మండలంలో ఉంటుందిది. 2022కి ముందు కర్నూలు జిల్లా. కర్నూలు నుంచి నందికొట్కూరు వైపు వెళ్లాలి. విస్తీర్ణం 6.14 చదరపు కిలోమీటర్లే. అభయారణ్యం అన్న మాట విని పెద్ద పెద్ద చెట్లు ఊహించుకుని వెళ్తే మొదటి పది నిమిషాలు మోసపోయినట్టే ఉంటుంది. నాకైతే అలాగే అనిపించింది. మోకాలెత్తు ఎండు గడ్డి, అక్కడక్కడా తుమ్మ చెట్లు, దూరంగా కరెంటు తీగలు, వాటి అవతల శనగ చేలు. అంతే. ఇన్‌స్టాలో పెడితే రెండు సెకన్లలో స్క్రోల్ చేసేసే సీన్.

నన్ను తీసుకెళ్లింది మా సైన్సు సార్. హైస్కూల్లో మూడేళ్లు జీవశాస్త్రం చెప్పారు. పీరియడ్ మొదలవ్వగానే వేప చెట్టు కిందికి తీసుకెళ్లి, "ఐదు నిమిషాలు నోరు మూసుకోండి, వినపడినవన్నీ రాయండి" అనేవారు. లారీ హారన్ అని రాసినవాడికీ మార్కు పడేది, కోకిల అని రాసినవాడికీ పడేది. వినకుండానే "నెమలి" అని రాసినవాడికి మాత్రం గోడ కుర్చీ. ఆ నెమలి రాసింది నేనే. అప్పటికి నేను నెమలి కూత వినను కూడా లేదు. బాగుంటుందని రాశానంతే.

సార్ 2017లో రిటైరయ్యారు. వచ్చిన డబ్బుల్లోంచి ఇల్లు రిపేర్ అనీ, కూతురి పెళ్లి బాకీ అనీ లెక్కలన్నీ తేల్చాక, మేడమ్‌కి చెప్పకుండా నికాన్ పీ900 కెమెరా కొన్నారు. లెన్సు మార్చే పని లేకుండా 83 రెట్లు జూమయ్యే కెమెరా అది. ఫోటోగ్రఫీ గ్రూపుల్లో కొందరు దాన్ని కెమెరాగా లెక్కేయరు. ఎగిరే పిట్టను పట్టాలంటే దాని ఫోకస్ నిజంగానే నత్తనడక. సార్ మాత్రం "ఎగిరేదాన్ని ఎందుకురా పట్టుకోవడం, కూర్చున్నప్పుడు పలకరిస్తే పోలా" అంటారు. మొదటి ఆరు నెలలు మేడ మీద కాకుల్ని, పిచ్చుకల్ని తప్ప ఇంకేం తీయలేదట. ఇప్పుడు మూడు హార్డ్ డిస్కులు నిండాయి. ప్రతి ఫోటోకీ తేదీ, ఊరు, టైము. అటెండెన్స్ రిజిస్టర్ రాసిన చెయ్యి కదా!

"రిటైరైతే ఇంటి పట్టున ఉంటాడనుకున్నా నాయనా. ఉద్యోగం చేసేటప్పుడే నయం, సాయంత్రానికైనా వచ్చేవాడు" అన్నారు మేడమ్, నాకు జొన్నరొట్టెలో చెనిక్కాయల పొడి వేస్తూ. నందికొట్కూరులో సార్ వాళ్లింట్లో ముందురోజు రాత్రి భోజనాల దగ్గర మాట ఇది. భోజనమయ్యాక సార్ బీరువాలోంచి ఒక పాత కవరు తీశారు. అందులో పోస్టుకార్డంత కలర్ ప్రింటు. అంచులు పసుపెక్కాయి.

ఆ ఫోటోలో సగానికి పైగా ఆకాశం. కింద పచ్చగడ్డి. ఎడమ అంచున ఎవరిదో తెల్ల చొక్కా భుజం. గడ్డికీ ఆకాశానికీ మధ్య, కొంచెం కుడి వైపున, తెల్లగా నిలువు గీత లాంటిది. దాని కింద గోధుమరంగు మచ్చ.

"ఏంటి సార్ ఇది?"

"బట్టమేక."

నేను లైటు దగ్గరికి తీసుకెళ్లి చూశాను. నిలువు గీత నిలువు గీతలాగే ఉంది.

కథ ఏంటంటే, 1989 వానాకాలం. సార్ అప్పుడు ఆ దగ్గర్లోనే ఒక ఊళ్లో కొత్త టీచరు. ఏడాది కిందటే అభయారణ్యం అయిందని విని, పిల్లల్ని ఎక్స్‌కర్షన్‌కి తీసుకెళ్లారు. అప్పు తెచ్చిన కెమెరా, 36 ఫోటోల రీలు. పిల్లలు జీవితంలో మొదటిసారి కెమెరా చూడటం. ఒక్కొక్కరినీ నిలబెట్టి తీసేసరికి 35 అయిపోయాయి. ఇక తిరిగి వెళ్దామనుకుంటుండగా గడ్డిలోంచి మీటరెత్తు పిట్ట లేచి నిలబడింది. నల్ల టోపీ పెట్టుకున్నట్టు తల, తెల్లటి పొడుగు మెడ. మగది. మెడ కింద సంచిలాంటిది ఉబ్బించి, దాదాపు నేలదాకా వేలాడేసి, గుండెల్లోంచి వచ్చినట్టు ఒక మోత మోగించిందట. దూరం ఎక్కువ, చేతిలో ఉన్నది గ్రూపు ఫోటోలు తీసే మామూలు కెమెరా. ముప్ఫై ఆరో ఫోటో అది.

"పిల్లలు ఎవరూ అరవలేదురా. నలభై మంది ఉన్నారు. ఒక్కడూ కిక్కురుమనలేదు. నా సర్వీసులో క్లాసు అంత నిశ్శబ్దంగా ఉండటం అదే మొదలు, అదే ఆఖరు."

తర్వాత కూడా రెండు మూడుసార్లు చూశారు గానీ చేతిలో కెమెరా లేదు. ట్రాన్స్‌ఫర్లు, ఇన్విజిలేషన్లు, ఎన్నికల డ్యూటీలు. మంచి కెమెరా చేతికొచ్చి, చేతినిండా టైమొచ్చేసరికి 2017. అప్పటికి రోళ్లపాడులో బట్టమేక కనిపించడమే గగనమైపోయింది. సార్ నెలకోసారైనా వెళ్తారు. ఇప్పటిదాకా ఒక్కసారీ కనిపించలేదు.

ఇప్పుడు నేను చేసిన పని చెప్పాలి.

ఆ రాత్రి మిద్దె మీద పడుకున్నాక నిద్ర పట్టలేదు. ఆ ప్రింటును ఫోన్‌తో ఫోటో తీసుకున్నాను కదా, దాన్ని ఒక ఏఐ యాప్‌లో వేశాను. పాత ఫోటోల్ని క్లియర్ చేసేదన్నమాట. మా తాతయ్య పెళ్లి ఫోటోని అదే యాప్‌లో బాగుచేస్తే ఇంట్లో అందరూ ఏడ్చారు. ఇది కూడా ఒక గురుదక్షిణ లాంటిది అనుకున్నా. ఇరవై సెకన్లలో వచ్చింది. ఏం పిట్టండీ అది! ఈకకి ఈక విడివిడిగా, కళ్లలో మెరుపు, వెనక బంగారు రంగు వెలుతురు. "1989. రోళ్లపాడు. మా సార్ తీసిన బట్టమేక" అని క్యాప్షన్ పెట్టి పోస్టు చేసి పడుకున్నా. పొద్దున సర్‌ప్రైజ్ ఇద్దామని.

తెల్లవారుజామున ఐదింటికి సార్ లేపారు. బస్టాండు దగ్గర హోటల్లో అప్పుడే ఉగ్గాణి దించుతున్నారు. రెండు ప్లేట్లు పార్సిల్, నాలుగు మిరపకాయ బజ్జీలు, ఫ్లాస్కులో టీ. జనవరి చలిలో బైకు మీద వెనక కూర్చుని సార్ మఫ్లర్‌లోంచి ఏదో చెబుతూనే ఉన్నారు. నాకు సగం గాలికే పోయింది. గేటు దగ్గర అనుమతి తీసుకుని లోపలికి వెళ్లేసరికి తూర్పున ఇంకా ఎరుపు రాలేదు.

గడ్డి మైదానంలో ఫోటోలకి పొద్దున ఆ రెండు మూడు గంటలే బంగారం. పది దాటిందంటే నేల వేడెక్కి గాలి అలలు అలలుగా కదులుతుంది. కంటికి తెలియదు గానీ రెండొందల మీటర్ల దూరంలో ఉన్న జింకను జూమ్ చేస్తే నీళ్లలో నిలబడినట్టు వణుకుతూ కనిపిస్తుంది. మనం ఎండమావి అంటామే, అదే. ఎన్ని లక్షల కెమెరా అయినా దాని ముందు ఒకటే. "అందుకే నీ లెన్సుకంటే నీ అలారం ముఖ్యం" అన్నారు సార్.

ఇంకో సంగతి, సార్ నిలబడి ఫోటో తీయరు. అరవై ఎనిమిదేళ్ల మనిషి తువ్వాలు మడిచి మోకాళ్ల కింద వేసుకుని, మెల్లగా కూలబడి, తర్వాత బోర్లా పడుకుంటారు. మోకాళ్ల నొప్పులకి ముందే మాత్ర వేసుకుని వస్తారు. ఎందుకంటే పిట్ట ఫోటో పిట్ట కంటి ఎత్తులోంచి తీయాలి. పైనుంచి తీస్తే అది మనకి కనిపించిన పిట్ట. కిందనుంచి తీస్తే అది బతికే లోకం. నేనూ పడుకుని చూశాను. నిజంగానే గడ్డి మైదానం మారిపోయింది. ఇందాక మోకాలెత్తున్న గడ్డి ఇప్పుడు అడవి. రెండు కాడల మధ్య సాలెగూడు, దాని మీద మంచు చుక్కలు. ఫోన్ తీశాను. సార్ నా మోచేయి పట్టుకుని ఆపారు.

ఎదురుగా ఎనభై మీటర్లలో కృష్ణ జింకలు. ఇరవై దాకా ఉంటాయి. మధ్యలో మెలికలు తిరిగిన కొమ్ములతో ఒక నల్ల మగది. తక్కినవన్నీ లేత గోధుమ రంగు. మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు ఇదే. వయసొచ్చిన మగదానికే వీపు మీద ఆ నలుపు వస్తుంది. అది తల వెనక్కి వాల్చి, ముక్కు పైకెత్తి, సినిమాలో విలన్ నడిచినట్టు ఆడజింకల చుట్టూ తిరుగుతోంది. సార్ కెమెరా మూడుసార్లే క్లిక్‌మంది. నా ఫోన్లో మాత్రం గోధుమరంగు చుక్కలు ఇరవై, నల్ల చుక్క ఒకటి పడ్డాయి.

"మూడే తీశారేంటి సార్?"

"మూడు చాలు. ఇప్పుడు చూడనీ."

తొమ్మిదిన్నర దాకా అలాగే తిరిగాం. తుమ్మ చెట్టు మీద పాలపిట్ట, గడ్డిలోంచి నిట్టనిలువుగా పైకి లేచి పాడుతూ దిగే భరత పక్షులు, "ఎవరది ఎవరది" అన్నట్టు మా తల మీద గోలచేసిన తీతువు జంట. ఒక గుంటనక్క బొరియ బయట కూర్చుని ఎండ కాచుకుంటూ మా వైపు చూసి ఆవలించింది. బొరియ ఎక్కడుందో రాయను. ఎందుకంటే సార్ రాయొద్దన్నారు. రెండేళ్ల కింద ఒక నక్క పిల్లల ఫోటో సార్ ఫేస్‌బుక్‌లో పెడితే, ఫోన్లో లొకేషన్ ఆఫ్ చేయడం మర్చిపోయారట. ఆ ఆదివారం మూడు కార్లొచ్చాయి. తల్లి పిల్లల్ని నోట కరుచుకుని ఎటో వెళ్లిపోయింది. అప్పట్నుంచి సార్ ఫోన్లో కెమెరాకి లొకేషన్ పర్మిషన్ లేదు. గూళ్ల ఫోటోలు తీయడం మానేశారు. ఫోన్లో పిట్ట కూత ప్లే చేసి పిలిపించడమైతే ఆయన దృష్టిలో పరీక్షలో చిట్టీ పెట్టడంతో సమానం. మీరూ మీ ఫోన్ సెట్టింగ్స్ ఒకసారి చూసుకోండి.

పదకొండుకి వాచ్ టవర్ ఎక్కాం. ఉగ్గాణి చల్లారిపోయినా బాగుంది. అక్కడ సిగ్నల్ ఒక గీత వస్తుంది. సార్ కళ్లజోడు పెట్టుకుని వాట్సాప్ తెరిచారు. నేను నా సర్‌ప్రైజ్ ఎలా చెప్పాలా అని మాటలు వెతుక్కుంటున్నా. రాత్రి నుంచి రెండు వేల లైకులు దాటాయి మరి.

సార్ ఫోన్ని కంటికి దగ్గరగా పెట్టుకున్నారు. దూరం పెట్టారు. మళ్లీ దగ్గర పెట్టుకున్నారు. తర్వాత నా చేతికిచ్చారు.

రిటైర్డ్ టీచర్ల గ్రూపు. నేను రాత్రి చేసిన పిట్ట. కింద "అద్భుతం మాస్టారూ! ఇన్నాళ్లూ దాచారా?", "జాతి గర్వించదగ్గ చిత్రం", దండాల బొమ్మలు, పూలగుత్తులు. నా పోస్టు ఎవరో స్క్రీన్‌షాట్ తీశారు. నా పేరు కట్ అయింది గానీ సార్ పేరెవరో చేర్చారు. సార్ ఫోటో సార్‌కే ఫార్వర్డ్ అయి వచ్చింది.

"ఇది నువ్వు చేసిందేనా?"

"అవును సార్. క్లియర్‌గా ఉంటుందని..."

సార్ బ్యాగులోంచి సలీం అలీ పుస్తకం తీశారు, భారతదేశపు పక్షుల గురించి 1941లో మొదట అచ్చయినది. సార్‌ది తర్వాతి ఎడిషన్, అట్ట ఊడిపోయి టేపు వేసి ఉంది. బట్టమేక బొమ్మ ఉన్న పేజీ తెరిచి ఫోన్ పక్కన పెట్టారు. అప్పుడు చూశా. నా పిట్ట మెడ మీద నెమలికున్నట్టు నీలం మెరుపు. కాళ్లకి వేళ్లు నాలుగు. బట్టమేకకి ముందు వైపు మూడే వేళ్లు, వెనక వేలుండదు. ముక్కు కోడిది. అంతకన్నా ఘోరం, ఎడమ అంచున ఉండాల్సిన తెల్ల చొక్కా భుజం లేదు. యాప్ దాన్ని చెత్త అనుకుని చెరిపేసి అక్కడ గడ్డి మొలిపించింది.

"ఆ భుజం ఎవరిది సార్?"

సార్ ఒక పేరు చెప్పారు. ఇక్కడ రాయను. క్లాసులో వెనక బెంచీలో కూర్చునేవాడట. బట్టమేకను మొదట చూసి, సార్ చొక్కా పట్టుకుని లాగింది వాడే. పదో తరగతి పూర్తి చేయకుండా బెంగుళూరు పనికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత సంగతి సార్‌కి తెలియదు.

తిడతారనుకున్నా. తిట్టి ఉంటే బాగుండేది. సార్ ఒక్క వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, గ్రూపులో టైప్ చేశారు. పది నిమిషాలు పట్టింది. నేను పక్కనే ఉండి చదివాను: "ఇది నా ఫోటో కాదు. నా ఫోటోలో పక్షి సరిగా కనపడదు. దయచేసి ఎవరికీ పంపకండి."

నేను నా పోస్టు డిలీట్ చేశాను. చేస్తే ఏం లాభం, అప్పటికే ఎన్ని ఫోన్లలో ఉందో. పాత నెమలి గుర్తొచ్చింది. సార్‌కి గుర్తుందో లేదో తెలియదు, నేను అడగలేదు. కాసేపటికి ఆయనే, "ఇప్పుడు అసలుది పెట్టు, ఉన్నది ఉన్నట్టు" అన్నారు. పెట్టాను. మసక గీత, పసుపెక్కిన అంచు, తెల్ల భుజం, అన్నీ. సాయంత్రానికి దానికి 41 లైకులు.

మధ్యాహ్నం ఎండకి టవర్ నీడలోనే ఉన్నాం. వాచర్ వచ్చి కూర్చున్నాడు. సార్‌కి బాగా పరిచయం. "మా నాయన ఎనక గొర్రెలు తోలుకొని వస్తాంటే ఈ పక్కనే మేసేటివి సారూ. మేం పట్టించుకునేటోళ్లం కాదు. ఎప్పుడూ ఉండేటివే కదా అని" అన్నాడు. ఆ మాట మీద చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.

ఎందుకు పోయాయి అంటే ఒక్క కారణం చెప్పడం కష్టం. బట్టమేక మన దేశంలో ఎగిరే పక్షుల్లో అన్నిటికంటే బరువైన వాటిలో ఒకటి. మగది 15 కిలోల దాకా ఉంటుంది. మామూలుగా ఏడాదికి ఒకే గుడ్డు పెడుతుంది, అదీ నేల మీద, గూడూ గీడూ ఏమీ లేకుండా. కుక్క తిన్నా, గొర్రె తొక్కినా ఆ ఏడాది పోయినట్టే. కళ్లు తలకి పక్కల ఉండటంతో ఎదురుగా ఉన్న సన్నటి తీగ కనిపించదు. కనిపించినా అంత బరువుతో చటుక్కున పక్కకి తిరగలేదు. రాజస్థాన్‌లో కరెంటు తీగలకి కొట్టుకుని చనిపోతున్నాయని కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తీగలు భూమిలో వేయాలని 2021లో కోర్టు చెప్పింది, 2024లో ఆ ఆదేశాన్ని సవరించింది. ఒక పక్క పిట్ట, ఇంకో పక్క సోలార్ కరెంటు. రెండూ కావాల్సినవే.

రోళ్లపాడు కథ వేరు. చుట్టూ జొన్న, కొర్ర పండించే మెట్ట చేలుండేవి. బట్టమేకకి అవి గడ్డి మైదానానికి కొనసాగింపు. అక్కడే మిడతలు తినేది, తిరిగేది. తర్వాత పక్కనే అలగనూరు రిజర్వాయరు వచ్చింది. నీళ్లొచ్చాయి. పంటలు మారాయి, మందులు పెరిగాయి. పిట్ట పోయింది, జింకలు మాత్రం పెరిగాయి. ఇప్పుడు రాత్రిళ్లు రైతులు శనగ చేలల్లో టార్చిలైట్లు పట్టుకుని జింకల్ని తోలుకుంటూ కాపలా కాస్తారు. "నీళ్లు రావద్దని అనగలమా? ఆ చేలల్లో నా శిష్యులే ఉన్నారు" అన్నారు సార్. ప్రకృతి ప్రేమికులు రాసే పోస్టుల్లో రైతు ఎప్పుడూ విలనే. సార్ దగ్గర ఆ మాట అనండి చూద్దాం.

2011 నుంచి ఈ పక్షి అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో ఉంది. దేశం మొత్తం మీద 150 కూడా లేవు. చాలా వరకు జైసల్మేర్ వైపే. అక్కడ 2019లో గుడ్లు సేకరించి పొదిగించడం మొదలుపెట్టారు. 2024 అక్టోబరులో కృత్రిమ గర్భధారణతో ఒక పిల్ల కూడా పుట్టింది. సార్ ఆ వార్త కట్ చేసి పుస్తకంలో పెట్టుకున్నారు. మనకి దగ్గర్లో, కర్ణాటకలో సిరుగుప్ప వైపు కొన్నేళ్లుగా ఒకటీ అరా కనిపిస్తున్నాయి. సార్ ఆశంతా వాటి మీదే. "పిట్టకి రాష్ట్రం బోర్డరు తెలియదు కదరా" అంటారు.

నాలుగున్నరకి నీడలు సాగడం మొదలయ్యాక మళ్లీ దిగాం. ఇప్పుడు చూడబోయేదాని కోసం చలికాలంలో రోళ్లపాడు రావాలి. పిల్లిగద్దలు. కజకిస్తాన్ వైపు గడ్డి మైదానాల నుంచి వేల కిలోమీటర్లు ఎగురుకుంటూ వచ్చి చలికాలమంతా మన దగ్గరే ఉంటాయి. పగలంతా చుట్టుపక్కల చేలన్నీ తిరిగి మిడతల్ని, ఎలుకల్ని, చిన్న పిట్టల్ని పట్టుకుని తింటాయి. రైతుకి జీతం లేని పాలేర్లు. రాత్రి పడుకోవడానికి మాత్రం చెట్టెక్కవు, గుంపుగా ఈ గడ్డిలోకి దిగి నేల మీదే పడుకుంటాయి. ఒకప్పుడు వందల్లో దిగేవి.

గట్టు పక్కన తువ్వాలు పరుచుకుని కూర్చున్నాం. ఐదున్నర. ఏమీ లేదు. ఐదూ నలభై. దోమలు తప్ప ఏమీ లేదు. "సార్, ఇవాళ..." అంటుండగా పడమటి వైపు వేలు చూపించారు. సూర్యుడి పక్క నుంచి ఒకటి. రెక్కలు రెండూ కొంచెం పైకెత్తి, ఇంగ్లీషు 'వి' అక్షరంలాగా పట్టుకుని, ఒక్కసారి కూడా ఆడించకుండా గడ్డి చివరల మీద జారుతూ వచ్చింది. లేత బూడిద రంగు, మగది. దాని వెనక గోధుమరంగువి రెండు, తోక మొదట్లో తెల్ల పట్టీతో. ఆడవి. తర్వాత అన్ని వైపుల నుంచీ. చప్పుడనేదే లేదు. గడ్డి మీద గిర్రున తిరగడం, సగం దిగి మళ్లీ లేవడం, ఒకదాన్నొకటి తరమడం, ఉన్నట్టుండి కాళ్లు చాచి గడ్డిలోకి మాయమవడం.

వెలుతురు పోతోంది. కెమెరా ఇంకా సంచిలోనే ఉంది. సార్ తీయలేదు. జేబులోంచి పొడుగాటి నోటు పుస్తకం, పెన్ను తీసి నాకిచ్చారు. "నేను చెప్తా, నువ్వు గీతలు పెట్టు."

ఆయన లెక్కపెడుతుంటే నేను నాలుగు నిలువు గీతలు, ఒక అడ్డ గీత పెట్టుకుంటూ పోయా. చివరికి నా లెక్క 27, సార్‌ది 26. ఒకటి లేచి మళ్లీ దిగిందని, దాన్ని నేను రెండుసార్లు వేశానని ఆయన. కాదని నేను. కాసేపు వాదించుకున్నాం. 26 వేయించారు. "డౌటున్నది రాయకూడదు."

పుస్తకం వెనక్కి తిప్పి చూశాను. 2017 నుంచి ప్రతి ట్రిప్పూ ఉంది. చేత్తో గీసిన గళ్లు. కృష్ణ జింక, గుంటనక్క, పిల్లిగద్ద, పాలపిట్ట, ఇంకా ఎన్నో. చిట్టచివరి గడి బట్టమేక. దాని కింద సున్నా. దాని కింద సున్నా. పేజీ తిప్పితే మళ్లీ సున్నా. ఎక్కడా ఖాళీ లేదు, అడ్డ గీత లేదు, ప్రతి తేదీకీ గుండ్రంగా ఒక సున్నా.

"లేనిదాన్ని రోజూ ఎందుకు సార్ రాయడం?"

"స్కూల్లో రాని పిల్లాడి పేరు అటెండెన్స్‌లో కొట్టేస్తామా? ఆబ్సెంట్ వేస్తాం. టీసీ తీసుకునేదాకా పేరుంటుంది."

సార్ ఈ లెక్కల్ని ఇంటికెళ్లాక ఈబర్డ్‌లో కూడా ఎక్కిస్తారు. మీరు చూసిన పిట్టల్ని నమోదు చేసే ఉచిత యాప్ అది. చివర్లో "గుర్తుపట్టిన పక్షులన్నీ రాశారా?" అని అడుగుతుంది. అవును అన్నామంటే, మనం రాయని పక్షి అక్కడ కనిపించలేదన్న సమాచారం కూడా శాస్త్రవేత్తలకి అందినట్టే. ఇంకో మంచి పనేంటంటే బట్టమేక లాంటి ప్రమాదంలో ఉన్న పక్షుల్ని ఎవరైనా చూసి రాసినా, ఎక్కడ చూశారో ఆ యాప్ అందరికీ చూపించదు. మన సోషల్ మీడియాకి ఆ బుద్ధి ఎప్పుడొస్తుందో.

పిల్లిగద్దల గడి నింపాక పక్కనే ఉన్న బట్టమేక గడిలో పెన్ను పెట్టబోయాను. సార్ నా చేయి పట్టుకున్నారు.

"ఇప్పుడే కాదు. గేటు దాటాక."

చీకట్లో టార్చి వేసుకుని నడిచాం. దారి పొడవునా సార్ గడ్డి వైపే చూస్తున్నారు, ఏమీ కనపడకపోయినా. గేటు దాటి, బైకు దగ్గరికొచ్చాక, వాచర్ సెల్ ఫోన్ లైటు పట్టుకుంటే సీటు మీద పుస్తకం పెట్టి రాశాను. గుండ్రంగా రాలేదు, పెన్ను గడ్డకట్టింది. సార్ చూసి "సరేలే" అన్నారు. బైకు స్టార్ట్ చేస్తుంటే వెనక నుంచి అడిగారు, వచ్చే నెల రెండో శనివారం ఖాళీయేనా అని.